దారికి అడ్డం వచ్చిన జింక

పిల్లలూ! ముందుగా ఒక ప్రశ్న. కింది పేరా చదవకుండా, కళ్ళు మూసుకొని ఒక్క నిమిషం ఆలోచించండి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏటా ఎక్కువమంది మనుషుల చావుకు కారణమవుతున్న అడవి జంతువు ఏది?

మా తొమ్మిదో తరగతిలో ఇదే ప్రశ్న వేశాను. "ఎలుగుబంటి సార్!" అన్నారు ముందు బెంచీ వాళ్ళు. మొసలి అని ఒకరు, సొరచేప అని ఒకరు, పాము అని ఒకరు, తలా ఒకటి చెప్పారు. వెనుక బెంచీలోంచి ఒకడు లేచి "దోమ సార్!" అన్నాడు. మన దేశం సంగతి అడిగి ఉంటే వాడికి సగం మార్కులైనా ఇవ్వవలసి వచ్చేది. ఎవరూ చెప్పలేకపోయిన జవాబు ఏమిటంటే, జింక.

తరగతి అంతా గొల్లున నవ్వింది. జింక కరవదు, తరమదు, మనిషి అలికిడి వింటేనే పరుగు తీస్తుంది. అలాంటి సాధు జంతువు మనుషుల్ని చంపడమేమిటి? మీకూ ఆ సందేహమే వచ్చి ఉంటుంది. జింక చేసేదల్లా ఒక్కటే. చీకటిపడే వేళ రోడ్డు దాటుతుంది. అదే సమయానికి ఆ రోడ్డు మీద ఒక కారు వస్తుంది. అంతే!

అమెరికా రహదారుల శాఖ 2008లో తమ పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ దేశంలో వాహనాలు పెద్ద జంతువులను ఢీకొనే ప్రమాదాలు ఏటా 10 లక్షల నుండి 20 లక్షల దాకా ఉంటాయి. ఆ జంతువుల్లో అత్యధిక భాగం జింకలే. ఈ ప్రమాదాల్లో ఏటా సుమారు 26,000 మంది గాయపడుతున్నారు. దాదాపు 200 మంది చనిపోతున్నారు. ఎలుగుబంట్లు, సొరచేపలు, పాములు అన్నీ కలిసినా అక్కడ ఒక ఏడాదిలో ఇంతమందిని చంపవు. ఇక జింకల సంగతి చెప్పనే అక్కరలేదు. కారు కింద పడిన జింకల్లో బతికి బయటపడేవి బహు తక్కువ.

ఈ అంకెలు నాకూ చాలాకాలం అంకెలుగానే ఉండేవి. ఒక ఫోను వచ్చేదాకా.

పెన్సిల్వేనియా నుండి ఫోను

మా పాఠశాలలో చదివిన అబ్బాయి ఒకడు పై చదువుకని పెన్సిల్వేనియా రాష్ట్రానికి వెళ్ళాడు. కొండలు, అడవులు, వాటి మధ్య మెలికలు తిరిగే దారులు ఉన్న ప్రాంతం అది. 2019 నవంబరులో ఒకరోజు పొద్దున్నే ఫోను చేశాడు. "సార్, మాకు యాక్సిడెంటు అయింది" అన్నాడు. గొంతు వణుకుతోంది.

ముగ్గురు స్నేహితులు, ముగ్గురూ మనవాళ్ళే, సాయంత్రం సరుకులు కొనుక్కొని గదికి వస్తున్నారు. ఐదున్నరకే చీకటి పడింది. దారి పక్క పొదల్లోంచి జింక ఒకటి ఎగిరి లైట్ల వెలుగులోకి వచ్చి నిలబడిపోయింది. బండి నడుపుతున్న అబ్బాయి కంగారుపడి స్టీరింగును ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. జింకకు కారు తగలనే లేదు. కారు మాత్రం దారి వదిలి, పల్లంలోకి దిగి, ఒక చెట్టును కొట్టుకుంది. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ బెల్టులు పెట్టుకున్నారు. గాజు పెంకులు గుచ్చుకొని చిన్న గాయాలతో బయటపడ్డారు. వెనుక కూర్చున్న మూడో అబ్బాయి బెల్టు పెట్టుకోలేదు. "దగ్గరే కదా" అనుకున్నాడట. వెన్నుపూస దెబ్బతిన్నది. ఏడాదికి పైగా ఆస్పత్రులలో గడిచింది. ఇప్పటికీ చేతికర్ర సాయం లేకుండా నడవలేడు.

"జింక ఏమైందిరా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. "తెలీదు సార్. మేము చూసేసరికి లేదు. దానికి గీటు కూడా పడలేదనుకుంటా" అన్నాడు.

ఆ రాత్రి జింక ఆ అబ్బాయిని ముట్టుకోనైనా లేదన్నమాట! మరి అతని వెన్నెముకను దెబ్బతీసింది ఏమిటి? మీరు తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం చదివి ఉంటే ఈ ప్రశ్నకు మీరే జవాబు చెప్పగలరు. రండి, లెక్క వేద్దాం.

లెక్క ఏం చెబుతోంది?

కారు ద్రవ్యరాశి 1500 కిలోలు అనుకుందాం. గంటకు 97 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 27 మీటర్ల చొప్పున పోతోంది. ఎదురుగా 75 కిలోల జింక నిలబడి ఉంది. కారు పక్కకు తిరగకుండా తిన్నగా పోయి జింకను ఢీకొన్నదనుకోండి. ఏమవుతుంది?

ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించగా వచ్చేది. కారుకు ముందున్న ద్రవ్యవేగం 1500 × 27 = 40,500. జింక నిలబడి ఉంది కనుక దాని ద్రవ్యవేగం సున్న. ఢీకొన్న తరువాత రెండూ కలిసి కదిలాయనుకుంటే మొత్తం ద్రవ్యరాశి 1575 కిలోలు. 40,500ను 1575తో భాగించండి. 25.7 వస్తుంది. అంటే కారు వేగం సెకనుకు 27 మీటర్ల నుండి 25.7 మీటర్లకు తగ్గింది. గంటకు 97 కిలోమీటర్లు కాస్తా 93 అయిందన్నమాట. తగ్గింది నాలుగైదు కిలోమీటర్లే!

పాపం, జింక చనిపోతుంది. కారు ముందు భాగం నుజ్జవుతుంది, రేడియేటరు పగులుతుంది, వేల డాలర్ల ఖర్చు మీద పడుతుంది. కాని లోపల కూర్చున్న మనిషికి, బెల్టు పెట్టుకొని ఉంటే, బస్సు గతుకులో పడినప్పటి కుదుపు కన్నా కొంచెం గట్టి కుదుపు తగులుతుంది. సాధారణంగా అంతే.

ఇప్పుడు రెండో లెక్క. అదే కారు జింకను తప్పించబోయి చెట్టును కొట్టుకుంది. చెట్టు జింకలాగా జరగదు. సెకనుకు 27 మీటర్ల వేగం రెప్పపాటులో సున్న అవుతుంది. ఇది ఎంతటి దెబ్బో తెలియాలంటే, ఎంత ఎత్తు నుండి కింద పడితే ఆ వేగం వస్తుందో చూడాలి. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే సరి. 27 × 27 = 729. దీన్ని 19.6తో భాగిస్తే 37 మీటర్లు. పన్నెండు అంతస్తుల మేడ మీద నుండి కారుతో సహా నేల మీద పడినట్లే! కారు ఆగినా, బెల్టు లేని మనిషి ఆగడు. న్యూటన్ మొదటి సూత్రం మీకు గుర్తుంది కదూ? బాహ్యబలం పనిచేసేదాకా అతను అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. ముందు సీటు, పైకప్పు, కిటికీ గాజు, వీటిలో ఏదో ఒకటి ఆ బాహ్యబలాన్ని ప్రయోగిస్తుంది.

ఇది కేవలం నల్లబల్ల మీది లెక్క అనుకోకండి. అమెరికాలో రోడ్డు భద్రతను పరిశీలించే ఒక భీమా సంస్థల సంఘం, 2000 నుండి 2002 వరకు తొమ్మిది రాష్ట్రాలలో జంతువుల కారణంగా జరిగిన 147 ప్రాణాంతక ప్రమాదాల పోలీసు నివేదికలను తిరగేసింది. నాలుగింట మూడు వంతులకు పైగా ప్రమాదాలలో ఆ జంతువు జింకే. జంతువును కొట్టుకున్న దెబ్బ కంటే ఆ తరువాత జరిగినదే చాలాచోట్ల ప్రాణం తీసింది. వాహనం రోడ్డు దిగి దేనినో ఢీకొనడమో, మోటారు సైకిలు నడిపే వ్యక్తి బండి మీది నుండి పడిపోవడమో జరిగింది. కార్లలో చనిపోయినవారిలో 100కు 60 మంది బెల్టు పెట్టుకోలేదు. మోటారు సైకిళ్ళ మీద చనిపోయినవారిలో 100కు 65 మంది తలకు హెల్మెట్ లేదు.

అందుకే అక్కడ బండి నేర్పేవాళ్ళు మొదటిరోజే చెబుతారు: జింక కనబడితే బ్రేకు గట్టిగా తొక్కు, స్టీరింగు మాత్రం తిప్పకు. వినడానికి ఇది కఠినంగా ఉంటుంది. ఎదుట ప్రాణి నిలబడి ఉంటే చేయి దానంతట అదే తిరుగుతుంది. ఆ రాత్రి బండి నడిపిన అబ్బాయి చెడ్డవాడు కాదు, అజాగ్రత్తపరుడూ కాదు. జాలితోనో భయంతోనో అతని చేయి తిరిగింది. ఆ సంగతి తలుచుకొని ఈనాటికీ నిద్ర పట్టదంటాడట. గాయపడినవారి లెక్కలో అతని పేరు లేదు మరి!

ఇంకొక మాట. జింకకు తగలకుండా చెట్టుకు తగిలిన ఇలాంటి ప్రమాదంలో పోలీసులు వచ్చేసరికి అక్కడ జింక ఉండదు. నడిపినవాడు స్పృహలో ఉండి చెబితే తప్ప అది జింక ప్రమాదమని ఎవరికి తెలుస్తుంది? పైన చెప్పిన 200 అనే అంకెను చదివేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోండి.

జింక ఎందుకు కదలకుండా నిలబడిపోతుంది?

మా పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. అంత చురుకైన జంతువు కారును చూసి పారిపోవచ్చు కదా?

రాత్రిపూట పిల్లి మీదనో ఆవు మీదనో టార్చిలైటు వేసి చూశారా? కళ్ళు పచ్చగా మెరుస్తాయి. ఆ జంతువుల కంటిలో నేత్రపటలం వెనుక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. నేత్రపటలం గుండా దూసుకుపోయిన కాంతిని ఆ పొర తిరిగి వెనక్కు పంపుతుంది. ఒకే కాంతిని కన్ను రెండుసార్లు వాడుకుంటుందన్నమాట! జింకకూ ఈ పొర ఉంది. పైగా మసక వెలుతురులో పనిచేసే దండకణాలు దాని కంటిలో మెండుగా ఉంటాయి. చీకట్లో కనుపాప బాగా విచ్చుకుంటుంది. మనకు ఏమీ కనబడని సందె చీకటిలో జింక హాయిగా మేత మేస్తుంది.

అలాంటి కంటి మీద హెడ్‌లైట్ల వెలుగు పడితే? సినిమా హాలులోంచి మిట్టమధ్యాహ్నం బయటికి వచ్చినప్పుడు మన కళ్ళు ఏమవుతాయి? జింకకు అంతకు ఎన్నో రెట్లు. కాసేపు దానికి కనబడేది తెల్లటి వెలుగు మాత్రమే. ఎటు పోవాలో తెలియదు. ప్రమాదాన్ని గుర్తించేదాకా కదలకుండా నిలబడడం జింకల పుట్టుకతో వచ్చిన అలవాటు. పొదల మధ్య తోడేలు కంటబడకుండా ఉండడానికి ఆ అలవాటు లక్షల ఏళ్ళు పనికి వచ్చింది. కార్లు వచ్చి నూరేళ్ళు దాటింది, అంతే. ఇంత కొద్ది కాలంలో ఏ జాతి అలవాటూ మారదు.

కారుకు ముందు బిగించే చిన్న ఈలలు కొన్ని అక్కడి అంగళ్ళలో అమ్ముతారు. గాలి తగిలి అవి ఊదుకుంటాయి, ఆ చప్పుడుకు జింకలు తొలగిపోతాయి అని ప్రకటన. పరీక్షించి చూసిన శాస్త్రజ్ఞులకు మాత్రం జింకలు ఆ ఈలలను లెక్కచేసిన దాఖలా కనబడలేదు.

జింక సంగతి సరే, మనిషి సంగతేమిటి? ఎదురుగా ఉన్నది జింక అని గుర్తించి, కాలు బ్రేకు మీదికి పోవడానికి డ్రైవరుకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. సెకనుకు 27 మీటర్ల వేగంలో ఆ ఒకటిన్నర సెకనులోనే కారు 40 మీటర్లు పోతుంది. బ్రేకు తొక్కాక ఆగడానికి మరో 52 మీటర్లు. మొత్తం 92 మీటర్లు. లైట్లు డిమ్‌లో ఉంటే దారి స్పష్టంగా కనబడేది 50, 60 మీటర్ల వరకే. ఇక మిగిలిన 30 మీటర్ల సంగతి ఏమిటి?

అదే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, అంటే సెకనుకు 20 మీటర్లు, ఆగడానికి కావలసిన మొత్తం దూరం 59 మీటర్లకు పడిపోతుంది. వెలుగు పడినంత మేరలోనే ఇంచుమించు బండి ఆగిపోతుంది. వేగం నాలుగో వంతు తగ్గితే ఆగే దూరం మూడో వంతుకు పైగా తగ్గింది, చూశారా! బ్రేకు తొక్కాక పోయే దూరం వేగం వర్గాన్ని బట్టి మారడమే దీనికి కారణం.

గడియారం వెనక్కు తిప్పితే...

ఆ ప్రమాదం నవంబరులో జరగడం యాదృచ్ఛికం కాదు. అమెరికాలో తెల్లతోక జింకలకు అక్టోబరు నుండి డిసెంబరు దాకా జతకూడే కాలం. మగ జింకలు ఆడ జింకల వెంటపడి, ఒళ్ళు తెలియకుండా పరుగులు తీస్తాయి. ఒకటి దాటిందంటే దాని వెనుక మరొకటి ఉంటుంది. అక్కడ చాలామంది మొదటి జింకను తప్పించి, "అమ్మయ్య" అనుకొని వేగం పెంచి, రెండోదాన్ని ఢీకొంటారు.

దీనికి తోడు మనుషులు చేసే చిత్రమైన పని ఒకటి ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాలలో ఎండాకాలమంతా గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి ఉంచుతారు. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున మళ్ళీ వెనక్కు తిప్పుతారు. దాంతో శనివారం ఆరింటికి అస్తమించిన సూర్యుడు ఆదివారం ఐదింటికే అస్తమిస్తాడు. ఆఫీసులు మాత్రం ఐదింటికే వదులుతారు. నిన్నటిదాకా పగటి వెలుతురులో ఇంటికి పోయిన లక్షలాది కార్లు సోమవారం నుండి చీకట్లో పోతాయి. జింకకు గడియారం లేదు, అది సూర్యుణ్ణే నమ్ముకుంది. మనుషులే వచ్చి దాని వేళలో పడ్డారు!

వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 23 రాష్ట్రాలలో జరిగిన పది లక్షలకు పైగా జింక ప్రమాదాలను పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. సూర్యాస్తమయానికి ముందు రెండు గంటలలో కంటే, ఆ తరువాతి రెండు గంటలలో ప్రమాదాలు 14 రెట్లు ఎక్కువట. గడియారం వెనక్కు తిప్పిన వారంలో ప్రమాదాలు 16 శాతం పెరుగుతున్నాయి. ఎండాకాలపు సమయాన్నే ఏడాది పొడుగునా ఉంచేస్తే ఏటా 33 మంది మనుషుల ప్రాణాలు, 36,000కు పైగా జింకల ప్రాణాలు దక్కుతాయని, సుమారు 2,000 మందికి గాయాలు తప్పుతాయని వారు లెక్కగట్టారు. ఒక గడియారపు ముల్లు ఇంత పని చేయగలదని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు.

పొడుగు కాళ్ళ పెద్దన్న

జింకల కుటుంబంలో అన్నిటికంటే పెద్దది మూస్. కెనడా, స్వీడన్ వంటి చలిదేశాలలో ఉంటుంది. ఎదిగిన మగది 400, 500 కిలోలు, అంటే మన దున్నపోతు అంత బరువు తూగుతుంది. కాళ్ళు మాత్రం దున్నపోతు కాళ్ళలా పొట్టివి కావు, మనిషి నడుము కంటే ఎత్తు.

ఇంతకుముందు జింక విషయంలో వేసిన లెక్క ఇక్కడ పనికి రాదు. ఎందుకంటారా? కారు ముందు భాగం మూస్ కాళ్ళకే తగులుతుంది. కాళ్ళు ముందుకు కొట్టుకుపోతాయి. 400 కిలోల మొండెం మాత్రం, మళ్ళీ న్యూటన్ మొదటి సూత్రం, ఉన్నచోటనే ఉంటుంది. కారు దాని కిందికి దూరిపోతుంది. మొండెం బానెట్ మీదుగా వచ్చి అద్దాన్నీ పైకప్పునూ పగలగొట్టి మనుషుల తలల మీద పడుతుంది. బెల్టు పెట్టుకున్నా ప్రయోజనం అంతంతమాత్రమే. అందుకే మూస్ విషయంలో వీలైతే తప్పించుకొమ్మనే స్వీడన్‌లో చెబుతారు. "స్టీరింగు తిప్పవద్దు" అనే సలహా అన్ని జంతువులకూ చెల్లదన్న సంగతి గమనించండి.

తప్పించుకోవాలంటే కారు బోల్తా పడకుండా చటుక్కున తిరగగలగాలి. స్వీడన్‌లో కొత్త కార్లకు ఆ పరీక్ష పెట్టడం ఆనవాయితీ. దాన్ని మూస్ పరీక్ష అంటారు. 1997లో మెర్సిడెస్ బెంజ్ వారి కొత్త చిన్న కారు ఎ-క్లాస్ అక్కడి విలేఖరులు పెట్టిన ఈ పరీక్షలో బోల్తా కొట్టి ప్రపంచమంతా వార్త అయింది. ఆ తరువాత కంపెనీవారు మలుపులో కారు అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటును ఆ కారులో అమర్చారు.

స్టాక్‌హోం సాంకేతిక విద్యాలయంలో మాగ్నస్ జెన్స్ అనే విద్యార్థి 2001లో మరో పని చేశాడు. రబ్బరు పలకలతో మూస్ బొమ్మ తయారుచేసి, దాని మీదికి నిజమైన కార్లను నడిపించి, కప్పు ఎక్కడ వంగుతుందో, అద్దం ఎలా పగులుతుందో కొలిచాడు. దీనికి 2022లో ఆయనకు ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. రబ్బరు మూస్‌ను చూస్తే నవ్వు వస్తుంది, నిజమే. దానివల్ల ఏ కారు కప్పు కాస్త గట్టిపడినా, లోపలివాళ్ళు నవ్వుతూ ఇంటికి పోతారు.

ఇన్ని జింకలు ఎక్కడివి?

1900 ప్రాంతంలో అమెరికాలో తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి లేవు. మాంసానికీ తోళ్ళకూ విచ్చలవిడిగా వేటాడారు. అదే ఏడాది వేట సరుకు వ్యాపారాన్ని అరికట్టే చట్టం ఒకటి వచ్చింది. వేటకు అదుపు వచ్చింది, పాడుబడ్డ పొలాల్లో అడవి తిరిగి మొలిచింది. ఇప్పుడు ఆ జింకల సంఖ్య సుమారు మూడు కోట్లు! ఈలోగా తూర్పు రాష్ట్రాల అడవులలో తోడేళ్ళనూ, ప్యూమాలు అనే పెద్ద పిల్లులనూ మనుషులు దాదాపు తుడిచిపెట్టారు. జింకను తినేవాడు లేడు. ఊళ్ళు అడవి అంచులకు పాకాయి. చిక్కటి అడవి కంటే తోటలు, పచ్చిక, పొదలు కలగలిసిన అంచు ప్రాంతమే జింకకు ఇష్టం. మనిషి తన ఇంటి చుట్టూ సరిగ్గా దానికి కావలసిన మేతబయలునే తయారుచేశాడు.

విస్కాన్సిన్ రాష్ట్రంలో తోడేళ్ళు తిరిగి వచ్చాయి. అవి వచ్చిన జిల్లాలలో జింక ప్రమాదాలు సగటున 24 శాతం తగ్గాయని 2021లో ఒక పరిశోధన వెల్లడించింది. తోడేళ్ళు తినేసిన జింకల వల్లనే ఇంత తగ్గలేదు. తోడేళ్ళు రోడ్ల వెంబడి తిరుగుతాయి కనుక, భయపడి జింకలు రోడ్ల పక్కకు రావడం మానుకున్నాయి. తూర్పు రాష్ట్రాలలో ప్యూమాలు మళ్ళీ నిలదొక్కుకుంటే ముప్ఫై ఏళ్ళలో 155 మంది మనుషుల ప్రాణాలు నిలుస్తాయని మరో పరిశోధన అంచనా. పులిని చూసి భయపడే మనం ఈ లెక్కను ఒకటికి రెండుసార్లు చదవాలి. క్రూరమృగం అని పేరు పడ్డది మనుషుల్ని కాపాడుతోంది!

అయితే తోడేళ్ళను అన్నిచోట్లా వదలలేం కదా. కెనడాలోని బాన్ఫ్ జాతీయ పార్కులో వేరే ఉపాయం చేశారు. పార్కు మధ్యగా పోయే పెద్ద రహదారికి రెండువైపులా ఎత్తయిన కంచె వేశారు. అక్కడక్కడ రోడ్డు కింద సొరంగాలు, రోడ్డు మీదుగా మట్టిపోసి చెట్లు నాటిన వంతెనలు కట్టారు. వంతెనలు ఆరు, కింది దారులు 38. జంతువులు మొదట వాటిని నమ్మలేదు. ఎలుగుబంట్లకు అలవాటు కావడానికి కొన్నేళ్ళు పట్టింది. మొత్తం మీద జంతువులతో ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. జింకలు, ఎల్క్‌ల వరకే చూస్తే 96 శాతం తగ్గాయి.

ఇలాంటి దారులు మన దేశంలోనూ ఉన్నాయి. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీకు తెలుసు. అదే రోడ్డు పట్టుకొని ఉత్తరంగా నాగపూరు దాటితే పెంచ్ పులుల అడవి వస్తుంది. అక్కడ జంతువుల కోసం రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి, కింద దారి వదిలారు. అలాంటి తొమ్మిది నిర్మాణాలలో పెద్దదాని పొడవు 750 మీటర్లు. 2019లో వాటి కింద కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల అడవి జంతువులు ఆ దారిన పోతూ కనబడ్డాయి. దుప్పులు ఉన్నాయి, పులులూ ఉన్నాయి. పైన లారీలు, కింద పులులు!

మా జిల్లాలో అలాంటి వంతెనలు లేవు గాని గేటు ఉంది. అచ్చంపేట దాటి శ్రీశైలం పోయేవాళ్ళను మన్ననూరు దగ్గర రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు అడవిలోకి వదలరు. గేటు దగ్గర ఆగిపోయిన యాత్రికులు విసుక్కోవడం నేను చాలాసార్లు చూశాను. ఒకప్పుడు నేనూ విసుక్కున్నవాణ్ణే. అక్కడ మన జనం ఎక్కువగా తిరిగేది మోటారు సైకిళ్ళ మీద. మనిషితో కలిపి బండి 220 కిలోలుంటే, 75 కిలోల దుప్పి తగిలినప్పుడు దాని వేగం ఎంత తగ్గుతుందో, కారుకు వేసిన పద్ధతిలోనే మీరు వేసి చూడండి. బండి వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకోండి. కారుకు నాలుగు చక్రాలు, దీనికి రెండే అన్న సంగతి కూడా మరవకండి.

ఒక ప్రయోగం

మీ స్నేహితుణ్ణి ఒక 30 సెంటీమీటర్ల స్కేలును పై కొసన పట్టుకొని నిలువుగా వేలాడదీయమనండి. సున్న గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తగిలీ తగలనట్లు ఉంచండి. చెప్పకుండా అతను స్కేలు వదలాలి, మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూడండి. 20 దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం సెకనులో ఐదో వంతు. ఆ కాలంలో గంటకు 97 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఐదు మీటర్లకు పైగా పోతుంది. ఇది స్కేలు పడబోతోందని తెలిసి, దాని కోసమే కాచుకొని కూర్చున్నప్పటి మాట. డ్రైవరు జింక కోసం కాచుకొని కూర్చోడు. అందుకే అతనికి ఒకటిన్నర సెకను.

ఇప్పుడు పదిహేడో ఎక్కం గట్టిగా చెబుతూ అదే ప్రయోగం మళ్ళీ చేయండి. మా తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు చేశారు. ఇరవై తొమ్మిది మంది చేతిలోంచి స్కేలు జారి నేల మీద పడింది.